84 దగ్గర దెబ్బతిన్నాం: మ్యాప్ ప్రొజెక్షన్ లైబ్రరీలో ఈ కామెంట్లు ఎలా తిరగరాయాలి?

వంశధార_కుర్రాడు | శ్రీకాకుళం | మంగళవారం రాత్రి 9:42

అందరికీ నమస్తే. విషయం కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

మాది శ్రీకాకుళంలో చిన్న ఆఫీసు. డ్రోన్‌తో రొయ్యల చెరువులు, జీడితోటలు కొలిచి మ్యాపులు చేసి ఇస్తాం. అక్షాంశ రేఖాంశాలను మీటర్లలోకి, మీటర్లను మళ్లీ వెనక్కి మార్చడానికి ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ వాడతాం. సి లో రాసింది. చూసుకునేది (మెయింటైనర్) ఒక్కడే మనిషి. పేరు ఇక్కడ అనవసరం.

పోయిన వారం టెక్కలి వైపు చెరువులు కొలిచి రిపోర్టు చేశాను. బాస్ ముందు మ్యాప్ ఓపెన్ చేస్తే చెరువులన్నీ నిజామాబాద్ పక్కన తేలాయి. ఆయన నా మొహం ఒకసారి, స్క్రీన్ ఒకసారి చూశారు. ఏమీ అనలేదు. అదే ఎక్కువ టెన్షన్.

రాత్రంతా కూర్చుని వెతికితే తెలిసింది. యూటీఎం అంటే భూమిని 6 డిగ్రీల పట్టీలుగా, అంటే జోన్లుగా కోసి మీటర్లలో కొలిచే పద్ధతి. అందులో 44వ జోన్ 78 నుంచి 84 డిగ్రీల రేఖాంశం దాకా, 45వ జోన్ 84 నుంచి 90 దాకా. మా ఆఫీసు 83.9 దగ్గర, అంటే 44లో. టెక్కలి 84.23, అంటే 45లో. ఈ లైబ్రరీ మొదటి పాయింట్‌కి ఏ జోన్ వచ్చిందో గుర్తుపెట్టుకుంటుంది. వెనక్కి మార్చేటప్పుడు మనం జోన్ ఇవ్వకపోతే ఆ పాతదే వాడేస్తుంది. నా మొదటి పాయింట్ ఆఫీసు డాబా. దాంతో 45వ జోన్‌లో 2 లక్షల 8 వేల చిల్లర ఈస్టింగ్ (తూర్పు వైపు మీటర్లు) ఉన్న చెరువుల్ని 44వ జోన్‌లో చదివింది. సరిగ్గా 6 డిగ్రీలు పడమరకి జరిగి 78.23 దగ్గర పడ్డాయి.

ఆ ఫంక్షన్ పైన, కోడ్ చదివేవాళ్ల కోసం రాసిపెట్టిన కామెంట్ ఏమిటో తెలుసా? "జోన్: మ్యాప్ జోన్". అంతే. (అసలు ఇంగ్లిష్‌లో ఉంది, ఇక్కడ తెలుగు చేసి పెడుతున్నా.)

ఇంకా ఉన్నాయి. లోపలి ఫంక్షన్‌లో "లామ్: రేఖాంశం" అని ఉంది. నమ్మి 83.9 ఇస్తే చెత్త వచ్చింది. ఇంకో చోట 1, .5, .16666, .08333, .05 అంటూ ఎనిమిది అంకెలు, పైన "స్థిరాంకాలు" అని ఒక్క ముక్క. స్థిరాంకాలని నాకూ కనపడుతూనే ఉంది.

మెయింటైనర్‌కి రాస్తే "కామెంట్లు మార్చి పుల్ రిక్వెస్ట్ (మార్పుల ప్రతిపాదన) పెట్టు, చూస్తా" అన్నాడు. కోడ్ రాయగలను గానీ కామెంట్ రాయడం నాకు చేతకాదు. ఎలా రాస్తే రేపు ఇంకొకడు ఈ గోతిలో పడడు?

కోట_జంక్షన్ | విజయనగరం | మంగళవారం రాత్రి 9:55

నిజామాబాద్ రొయ్యలు! సముద్రం లేని ఊళ్లో చెరువులు తవ్వించిన ఘనత నీదే తమ్ముడూ. పసుపు కొనడానికి వెళ్లి ఉంటాయిలే.

సీరియస్‌గా చెప్పాలంటే మా విజయనగరం వాళ్లకి ఈ బాధ లేదు. మేం 83.4. ఎటు తిరిగినా 44లోనే ఉంటాం.

టీపన్_మాస్టారు | నరసన్నపేట | మంగళవారం రాత్రి 10:31

బాబూ, ఆ 84 గీత నాకు ముప్పై ఏళ్ల పరిచయం. కాలువల సర్వేలో పనిచేసి రిటైరయ్యాను. కోడ్ నాకు తెలీదు, గీత తెలుసు.

శ్రీకాకుళం నుంచి హైవే మీద బయల్దేరితే మా నరసన్నపేట చేరేలోపే ఆ గీత దాటుతారు. మా ఊరు 84.04. పాత టోపో షీట్లు (సర్వే మ్యాపులు) కూడా అక్కడే తెగుతాయి. శ్రీకాకుళం టౌను 65 ఎన్/15 షీట్లో, మా ఊరు 74 బి/3 షీట్లో. నంబర్లు చూస్తే ఎక్కడో దూరం అనిపిస్తుంది, నిజానికి పక్కపక్క షీట్లు. ఆఫీసు బల్ల మీద రెండూ పరిచి, అంచు మడిచి, మైదా జిగురుతో అంటించేవాళ్లం. అంటించే ముందు షీటు మూల మీద ఏముందో చదవకపోతే మా పై ఆయన ఊరుకునేవాడు కాదు.

ఇంకో సంగతి. జోన్ అంచున గ్రిడ్ ఉత్తరం (మ్యాప్ నిలువు గీతల దిశ), అసలు ఉత్తరం ఒకటి కావు. మన అక్షాంశంలో 44వ జోన్ గ్రిడ్ 0.94 డిగ్రీ ఒక పక్కకి, 45వ జోన్ గ్రిడ్ అంతే రెండో పక్కకి ఒరుగుతాయి. రెండూ కలిపితే దాదాపు 1.9 డిగ్రీలు. కాబట్టి జోన్ తప్పితే చెరువు చోటు ఒక్కటే కాదు, గట్టు దిశ కూడా తప్పుతుంది. నీ కామెంటులో అది కూడా పెట్టు.

బొబ్బిలి_వీణ | బొబ్బిలి, ఇప్పుడు బెంగళూరు | మంగళవారం రాత్రి 11:20

ఇదే పనిలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తా. ముందు ఆ "లామ్" సంగతి.

అది రేఖాంశం కాదు తమ్ముడూ. ఒక్కో మెట్టు చూడు. నువ్వు బయటి ఫంక్షన్‌కి 83.9 ఇస్తావు. అది అందులోంచి 44వ జోన్ మధ్య రేఖాంశం 81 తీసేస్తుంది. (జోన్ నంబర్‌ని 6తో గుణించి 183 తీసేస్తే మధ్య రేఖ వస్తుంది. 44కి 81, 45కి 87.) మిగిలింది 2.9 డిగ్రీలు. రేడియన్లలో 0.0506. లోపలి ఫంక్షన్ చేతికి వెళ్లేది ఈ 0.0506 మాత్రమే.

ఆ లోపలి ఫంక్షన్ భూమిని కాస్త నొక్కిన గోళంగా (ఎలిప్సాయిడ్) తీసుకుని, దాని పెద్ద వ్యాసార్ధాన్ని 1 అనుకుని లెక్క చేస్తుంది. అందుకే బయటికి వచ్చే ఎక్స్ మీటర్లలో ఉండదు, 0.048 లాంటి చిన్న సంఖ్య. దాన్ని 6378137తో గుణించి, 5 లక్షలు కలిపేది మళ్లీ బయటి ఫంక్షనే. అప్పుడు 8 లక్షల 6 వేల చిల్లర అని నీకు కనిపిస్తుంది.

ఇది వీళ్ల సొంత పైత్యం కాదు. ప్రోజ్‌లో కూడా ఇదే అమరిక. 1980లలో అమెరికా భూగర్భ సర్వేలో గెరాల్డ్ ఎవెండెన్ మొదలుపెట్టిన లైబ్రరీ అది, ఇవాళ క్యూజీఐఎస్ (మ్యాపుల సాఫ్ట్‌వేర్) లోపల నడిచేది కూడా అదే. డిగ్రీలు, మధ్య రేఖ, మీటర్లు, 5 లక్షలు, ఇవన్నీ పై పొర చూసుకుంటుంది. ఒక్కో ప్రొజెక్షన్ రాసేవాడు సూత్రం మాత్రం రాసుకుంటాడు. చక్కటి ఏర్పాటే. కాకపోతే లోపలి గదిలోకి నేరుగా వచ్చేవాడికి గుమ్మం మీద బోర్డు ఉండాలి.

నేనైతే ఇలా రాస్తా:

"లామ్: మధ్య రేఖాంశం నుంచి తేడా, రేడియన్లలో. తూర్పు ప్లస్, పడమర మైనస్. బయటి ఫంక్షన్ తీసివేత చేసి పంపుతుంది. నేరుగా పిలిస్తే మీరే చేయాలి. ఫలితం మీటర్లు కాదు: పెద్ద వ్యాసార్ధం 1 అయిన ఎలిప్సాయిడ్ మీద."

కామెంట్ రాసేముందు నేను చూసుకునేది ఇవే: ఏ కొలతలో, ఎక్కడి నుంచి, ఏ దిక్కు ప్లస్, ఎవరు ముందే ఏం చేసేశారు. ఆ లైను ఏం చేస్తోందో రాయక్కర్లేదు, అది లైనే చెబుతుంది.

గట్టుమీద_మర్రిచెట్టు | రాజాం | బుధవారం ఉదయం 6:50

నాకు ఈ కామెంట్ల మీద నమ్మకం లేదు. ఎవడో ఒకడు కోడ్ మారుస్తాడు, కామెంట్ అలాగే ఉండిపోతుంది. ఊరు మారిపోయినా పాత మైలురాయి నిలబడినట్టు. మా రాజాం 2022లో విజయనగరం జిల్లాలోకి వెళ్లింది, షాపు బోర్డుల మీద శ్రీకాకుళం జిల్లా చాలాకాలం పోలేదు.

లామ్ అని పేరెందుకు? "మధ్యరేఖ_నుంచి_రేడియన్లు" అని వేరియబుల్‌కే పేరు పెడితే కామెంట్‌తో పనేముంది?

అయ్యకోనేరు_లెక్కలు | విజయనగరం | బుధవారం ఉదయం 7:35

మర్రిచెట్టు గారూ, బయటి ఫంక్షన్ వరకు మీ మాట ఒప్పుకుంటా. లోపల మాత్రం వద్దు. నేను కాలేజీలో లెక్కలు చెబుతాను, పుస్తకం పక్కన పెట్టుకుని కోడ్ సరిచూసేవాడి బాధ చెబుతున్నా.

ఈ సూత్రాలు చాలామంది తీసుకున్నది జాన్ స్నైడర్ 1987లో అమెరికా భూగర్భ సర్వేకి రాసిన మాన్యువల్ నుంచి. అందులో లామ్డా, ఫై, టి, సి, ఏ అని ఒంటి అక్షరాలే. కోడ్‌లో కూడా అవే అక్షరాలుంటే వేలుపెట్టి ఒక్కో పదం పోల్చుకోవచ్చు. అర అడుగు పొడుగు పేర్లు పెడితే ఒక సూత్రం నాలుగు లైన్లు అవుతుంది, మైనస్ ఎక్కడ పోయిందో కనపడదు.

అక్షరం ఉంచండి. ఫంక్షన్ మొదట్లో ఒక్కసారి ఏ అక్షరం ఏమిటో చెప్పండి. ముఖ్యంగా ఫై, అంటే అక్షాంశం. అక్షాంశం ఒకటే రకం కాదు. మ్యాపుల్లో ఉండేది భూతలానికి లంబంగా కొలిచేది. భూకేంద్రం నుంచి కొలిచేది వేరు. మన శ్రీకాకుళం దగ్గర ఆ రెంటికీ తేడా దాదాపు 7 నిమిషాలు, నేల మీద 12 కిలోమీటర్లకు పైనే. ఒకటి అనుకుని ఇంకొకటి ఇస్తే అరసవల్లి దేవుడు సముద్రం వైపు నడుస్తాడు. ఇవి కాక సూత్రాల మధ్యలో వచ్చే సాయం అక్షాంశాలు ఇంకో రెండు మూడున్నాయి. అన్నింటికీ ఫై, ఫై1, ఫై2 అని పేర్లు పెట్టి వదిలేస్తే చదివేవాడు జ్యోతిష్యం చూసుకోవాలి.

వంశధార_కుర్రాడు | శ్రీకాకుళం | బుధవారం మధ్యాహ్నం 1:15

వీణక్కా, చాలా థాంక్స్. లెక్కల సారూ, మీరు దొరికారు కాబట్టి అడిగేస్తున్నా. ఆ ఎనిమిది అంకెలు ఏమిటి? పూర్తిగా ఇవి:

1, .5, .16666666, .08333333, .05, .03333333, .02380952, .01785714

గూగుల్‌లో .02380952 కొడితే బిస్కెట్ ఫ్యాక్టరీ ఏదో వచ్చింది.

అయ్యకోనేరు_లెక్కలు | విజయనగరం | బుధవారం మధ్యాహ్నం 2:05

భలే ప్రశ్న. క్లాసు అయిపోయింది, బల్ల మీదే కూర్చుని రాస్తున్నా.

తిరగేసి చూడు. .5 అంటే 2లో ఒకటి. .1666 అంటే 6లో ఒకటి. తర్వాత 12, 20, 30, 42, 56. ఏమైనా కనపడిందా? 2 = 2×1, 6 = 3×2, 12 = 4×3, 20 = 5×4, 30 = 6×5, 42 = 7×6, 56 = 8×7. అంతే.

ఎందుకు? ట్రాన్స్‌వర్స్ మెర్కేటర్ (యూటీఎం వాడే ప్రొజెక్షన్) ఈస్టింగ్ సూత్రంలో కోణం ఘనం కింద 6, అయిదో ఘాతం కింద 120, ఏడో ఘాతం కింద 5040 వస్తాయి. ఇవి 3, 5, 7 ఫాక్టోరియల్స్. ఒక్కో ఘాతాన్ని విడిగా లెక్కగట్టే బదులు, ఒకదాని లోపల ఒకటి బ్రాకెట్లు పెడతారు. అప్పుడు 6 నుంచి 120కి వెళ్లడానికి 20తో భాగిస్తే చాలు. 120 నుంచి 5040కి 42తో. నీ వరుసలో బేసి స్థానాలు చూడు: 1, 6, 20, 42. ఇవి ఈస్టింగ్‌కి. సరి స్థానాలు 2, 12, 30, 56. ఇవి నార్తింగ్‌కి (ఉత్తరం వైపు మీటర్లకి): 2, 24, 720, 40320. ఉల్లిపాయ పొరల్లాగా లోపలి నుంచి బయటికి గుణించుకుంటూ వస్తారు. ఇదే వరుస ప్రోజ్ పాత సోర్స్‌లో కూడా కనిపిస్తుంది.

కామెంట్ ఒక్క లైను చాలు: "ఎన్‌వ అంకె = 1 / (ఎన్ × (ఎన్ − 1)), మొదటిది మాత్రం 1; ఒకదానిలో ఒకటి ఇమిడిన శ్రేణికి. బేసివి ఈస్టింగ్, సరివి నార్తింగ్."

గట్టుమీద_మర్రిచెట్టు | రాజాం | బుధవారం మధ్యాహ్నం 2:20

ఒప్పుకుంటున్నా, ఇది బాగుంది. కానీ మళ్లీ నా మాటే: .16666666 బదులు కోడ్‌లోనే 1/6 అని రాస్తే చూడగానే తెలుస్తుంది కదా. కామెంట్ ఎందుకు?

బొబ్బిలి_వీణ | బొబ్బిలి, ఇప్పుడు బెంగళూరు | బుధవారం మధ్యాహ్నం 2:24

అన్నా!! సి లో 1/6 అంటే సున్నా. పూర్ణాంకాల భాగహారం. 1.0/6 అని రాయాలి.

సున్నా అయితే ఆ బ్రాకెట్‌తో పాటు దాని లోపలున్న పొరలన్నీ మాయం. ఎర్రర్ రాదు. జోన్ మధ్యలో ఏమీ తెలీదు. 84 గీత దగ్గర ఈస్టింగ్ 117 మీటర్లు తప్పుతుంది. అంటే పక్క రైతు చెరువులో దిగుతాం.

గట్టుమీద_మర్రిచెట్టు | రాజాం | బుధవారం మధ్యాహ్నం 2:41

పరువు పోయింది. 1.0/6. సరే, "పూర్ణాంకాలుగా రాయకండి" అని దానికీ ఒక కామెంట్ పెట్టుకోండి. నాలాంటోళ్లు ఉంటారు.

కోట_జంక్షన్ | విజయనగరం | బుధవారం మధ్యాహ్నం 2:44

మర్రిచెట్టు కూలింది, గుర్తుపెట్టుకోవాల్సిన రోజు.

వంశధార_కుర్రాడు | శ్రీకాకుళం | బుధవారం రాత్రి 8:30

ఇంకో ఫైల్లో ఇంకో వింత. ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ వ్యాసార్ధం ఒక చోట 6377276.345 అని, ఇంకో చోట 6377301.243 అని ఉంది. రెండింటి పక్కనా "ఎవరెస్ట్, మీటర్లు" అనే ఉంది. ఒకటి టైపింగ్ తప్పు అనుకుని సరిచేద్దామని చెయ్యి పెట్టాను, ఎందుకో ఆగాను. 25 మీటర్లు తేడా. ఏది కరెక్టు?

టీపన్_మాస్టారు | నరసన్నపేట | బుధవారం రాత్రి 9:10

చెయ్యి తియ్యి బాబూ! రెండూ కరెక్టే.

1830లో ఎవరెస్ట్ దొర (భారత సర్వే నడిపిన జార్జ్ ఎవరెస్ట్) లెక్క మీటర్లలో లేదు. అడుగుల్లో ఉంది: 2,09,22,931.80 అడుగులు. అదీ భారతీయ అడుగు, ఇంగ్లండు అడుగు కాదు. ఆ అడుగు మీటర్లో ఎంత అనేది తర్వాత కాలంలో ఒక్కోసారి ఒక్కోలా నిర్ణయించారు. 1937 నాటిది 0.30479841. 1962 నాటిది 0.3047996. క్యాలిక్యులేటర్ తీసి గుణించు, నువ్వు రాసిన రెండు అంకెలూ వస్తాయి. భూమి పెరగలేదు, అడుగు మారింది. 1975 నాటి అడుగు 0.3047995, దాంతో 6377299.151 వస్తుంది. అది కూడా ఎక్కడో తగులుతుంది నీకు, దాన్నీ కెలక్కు.

ఎఫ్ఎంబి (పొలాల కొలతల) పుస్తకంలో మేం కొలత రాస్తే ఏ రాయి దగ్గర గొలుసు మొదలుపెట్టామో రాసేవాళ్లం. ఏ గొలుసో కూడా రాసేవాళ్లం, అడుగుల గొలుసా మీటర్ల గొలుసా అని. అంకె ఒక్కటే రాసి సంతకం పెడితే ఆ పేజీ చింపి చేతిలో పెట్టేవారు. నీ మెయింటైనర్‌ని మా పై ఆయన దగ్గరకి పంపాల్సింది.

బొబ్బిలి_వీణ | బొబ్బిలి, ఇప్పుడు బెంగళూరు | బుధవారం రాత్రి 9:25

మాస్టారూ, గుణించి చూశాను. మూడూ వచ్చాయి. నేను పదేళ్లుగా ఆ అంకెలు వాడుతున్నాను, అడుగు సంగతి ఇవాళే తెలిసింది.

తమ్ముడూ, ఈ కామెంట్ ఇలా పెట్టు: "ఎవరెస్ట్ 1830, 1937 నాటి అడుగు (0.30479841 మీ.) ప్రకారం. 6377301.243తో గందరగోళపడొద్దు, అది 1962 అడుగు. సరిచేయకండి." ఆ చివరి రెండు మాటలు తప్పక ఉంచు. తప్పులా కనిపించే ఒప్పు పక్కన అవి లేకపోతే మంచి మనసుతో ఎవరో ఒకరు పాడుచేస్తారు.

జీడిపప్పు_డేటా | పలాస | గురువారం ఉదయం 10:05

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. మా తోటల పనిలో నాకు తగిలిన దెబ్బ ఇంకోటి. అక్షాంశం ముందా, రేఖాంశం ముందా.

ఈపీఎస్‌జీ 4326 (జీపీఎస్ అక్షాంశ రేఖాంశాలకి వాడే కోడ్) అధికారిక నిర్వచనంలో అక్షాంశం ముందు. ప్రోగ్రాములు రాసేవాళ్లలో సగం మంది ఎక్స్ ముందు కాబట్టి రేఖాంశం ముందు ఇస్తారు. 2019లో ప్రోజ్ 6 వచ్చాక అధికారిక వరుసనే పాటించడం మొదలైంది, అప్పటిదాకా నడిచిన స్క్రిప్టులు తలకిందులయ్యాయి. పైథాన్‌లో పైప్రోజ్ వాళ్లు "ఎప్పుడూ ఎక్స్ ముందే" అనే ఆప్షన్ ఇచ్చింది అందుకే.

మన జిల్లాలో అసలు చిక్కేంటంటే, వరుస తప్పినా ఎర్రర్ రాదు. అక్షాంశం 90 దాటితే దాదాపు ఏ లైబ్రరీ అయినా అరుస్తుంది. మన రేఖాంశం 84. 90 లోపే! 84 ఉత్తర అక్షాంశం, 18 తూర్పు రేఖాంశం అని బుద్ధిగా తీసుకుని, స్వాల్‌బార్డ్ దీవులకి ఉత్తరాన ఆర్కిటిక్ మంచులో తోట పెడుతుంది. అస్సాం వాళ్లకైతే 91, 92 కాబట్టి వెంటనే దొరికిపోతుంది. మనం అదృష్టవంతులం కాదు.

కాబట్టి "బిందువు: అక్షరేఖాంశాలు" అనే కామెంట్ ఉంటే దాన్నీ పట్టుకో. ఏది ముందో రాయి, డిగ్రీలా రేడియన్లా రాయి, ఒక ఉదాహరణ పెట్టు.

కోట_జంక్షన్ | విజయనగరం | గురువారం ఉదయం 10:20

మంచు ప్రాంతంలో జీడితోట, నిజామాబాద్‌లో రొయ్యలు. ఈ జిల్లాకి తిరుగులేదు.

ఒక సందేహం. మా కజిన్ వెబ్ మ్యాప్ మీదే గీతలు గీసి చెరువు విస్తీర్ణం చెబుతున్నాడు. ఎకరానికి ఎకరం సరిపోతుంది అంటాడు. నమ్మొచ్చా?

జీడిపప్పు_డేటా | పలాస | గురువారం ఉదయం 10:48

వద్దు. వెబ్ మ్యాపులు వాడే ప్రొజెక్షన్ వెబ్ మెర్కేటర్, దాని మీటర్లు నేల మీటర్లు కావు. మన అక్షాంశంలో ఎకరం చెరువు 1.11 ఎకరాలకు పైగా కనిపిస్తుంది, అంటే ఎకరాకి 11 సెంట్లు పైనే గాలిలో వస్తాయి. లీజు ఎకరాల లెక్కన కట్టేవాడు ఊరుకుంటాడా? యూటీఎంలో అయితే 84 గీత దగ్గర కూడా తేడా సెంటులో ఐదో వంతు లోపే.

మీ లైబ్రరీలో వెబ్ మెర్కేటర్ ఉంటే దాని మీద "కోణాలు మారవు" అని కామెంట్ ఉందేమో చూడండి. చాలా చోట్ల ఉంటుంది. గోళం సూత్రాన్ని ఎలిప్సాయిడ్ అక్షాంశాల మీద వాడతారు కాబట్టి ఉత్తర దక్షిణాల సాగు, తూర్పు పడమరల సాగు సరిగ్గా ఒకటి కావు. మన దగ్గర 0.6 శాతం తేడా. "దాదాపు మారవు" అని రాయాలి.

వంశధార_కుర్రాడు | శ్రీకాకుళం | గురువారం రాత్రి 9:15

ఉంది! అచ్చంగా ఆ మాటే ఉంది. మార్చాను.

ఇప్పుడు వేరే ప్రశ్న. మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరూ డిగ్రీ దాకా తెలుగు మీడియం. మా కాపీలో కామెంట్లు తెలుగులో రాసుకుంటే తప్పా? కంపైలర్‌కి ఎలాగూ పట్టదు.

గట్టుమీద_మర్రిచెట్టు | రాజాం | గురువారం రాత్రి 9:30

రాసుకో, కానీ "ఫాల్స్ ఈస్టింగ్"ని తెలుగులో ఏమంటావు? కృత్రిమ ప్రాచ్యాంకం అనొద్దు దయచేసి.

టీపన్_మాస్టారు | నరసన్నపేట | గురువారం రాత్రి 9:41

మా చైన్‌మన్ దాన్ని "దొంగ తూర్పు" అనేవాడు. మధ్య రేఖకి పడమటున్న చోట్లకి మైనస్ రాకుండా అయిదు లక్షలు ముందే కలుపుతారు కదా. లేని తూర్పు ఉన్నట్టు చూపించేది దొంగ తూర్పే.

బొబ్బిలి_వీణ | బొబ్బిలి, ఇప్పుడు బెంగళూరు | గురువారం రాత్రి 9:50

దొంగ తూర్పు!! రేపు మా టీమ్ మీటింగులో ఇదే వాడతా.

నా అభిప్రాయం: అసలు లైబ్రరీకి పంపేది ఇంగ్లిష్‌లోనే పంపు, ప్రపంచమంతా చదవాలి. మీ కాపీలో తెలుగు పెట్టుకో, కానీ రెండు భాషల్లో ఒకే కామెంట్ పక్కపక్కన పెట్టకు. ఒకటి మారుతుంది, రెండోది మారదు, మర్రిచెట్టు అన్న చెప్పిన మైలురాయి అవుతుంది. తెలుగులో విడిగా ఒక ఫైల్ రాసి, జోన్ కథ, అడుగు కథ అందులో పెట్టు. టెక్కలి ఉదాహరణతో మొదలుపెడితే మీ పిల్లలు జన్మలో మర్చిపోరు.

వంశధార_కుర్రాడు | శ్రీకాకుళం | ఆదివారం సాయంత్రం 5:20

అప్‌డేట్. పుల్ రిక్వెస్ట్ పెట్టాను. లామ్, ఎనిమిది అంకెలు, ఎవరెస్ట్, వెబ్ మెర్కేటర్, నాలుగూ తీసుకున్నాడు. "సరిచేయకండి" అన్న మాట చూసి నవ్వు బొమ్మ పెట్టాడు. గతంలో ఒకసారి ఎవరో నిజంగానే ఆ అంకె సరిచేసి పంపారట.

జోన్ కామెంట్ మాత్రం తీసుకోలేదు. నేను మూడు లైన్లు రాశాను: "జోన్ ఇవ్వకపోతే మొదటి పిలుపులో వచ్చిన జోన్ వాడబడుతుంది, 84 లాంటి అంచుల దగ్గర ప్రమాదం, ఎప్పుడూ ఇవ్వండి" అని. దానికి అతని జవాబు: "ఇంత హెచ్చరిక రాయాల్సి వచ్చిందంటే తప్పు నా కోడ్‌లో ఉంది." గుర్తుపెట్టుకోవడం తీసేశాడు. ఇప్పుడు జోన్ ఇవ్వకపోతే కంపైలే కాదు.

గట్టుమీద_మర్రిచెట్టు | రాజాం | ఆదివారం సాయంత్రం 5:31

నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది ఇదే. 1/6 సంగతి మర్చిపోయి ఇది గుర్తుపెట్టుకోండి.

టీపన్_మాస్టారు | నరసన్నపేట | ఆదివారం సాయంత్రం 6:02

సంతోషం బాబూ. ఒక పని చెయ్యి. సరిగ్గా 84 గీత మీద, 18.3 అక్షాంశం దగ్గర ఒక చోటు తీసుకుని రెండు జోన్లలోనూ కొలిచి చూపించు. గీత మీద నిలబడితే రెండు జోన్లూ అద్దంలో బొమ్మల్లా ఉండాలి. నార్తింగ్ ఒకటే రావాలి. ఈస్టింగులు రెండూ కలిపితే పది లక్షలు రావాలి. రాకపోతే ఎక్కడో గొలుసు తెగినట్టే.

ఇంకోటి. అక్కడ నువ్వు టేపుతో కిలోమీటరు కొలిస్తే గ్రిడ్ మీద 1000.84 మీటర్లు వస్తుంది. ఆ 84 సెంటీమీటర్లు ఎవరో దొబ్బేశారని కుర్రాళ్లని తిట్టకు. మా రోజుల్లో తిట్టేవాళ్లు.

వంశధార_కుర్రాడు | శ్రీకాకుళం | ఆదివారం రాత్రి 7:48

చేశాను మాస్టారూ. 44లో ఈస్టింగ్ 8,17,163 చిల్లర. 45లో 1,82,836 చిల్లర. కలిపితే 10,00,000, మిల్లీమీటరు కూడా తేడా లేదు. నార్తింగ్ రెండిట్లోనూ ఒకటే. మెయింటైనర్ దీన్నే టెస్టుగా పెట్టేశాడు. టెస్టు పేరేం పెట్టమంటావని అడిగితే నరసన్నపేట అని పెట్టమన్నాను. పెట్టాడు.

బాస్ మాత్రం ఇంకా ఫోన్ ఎత్తగానే "ఏటి, నిజామాబాద్‌లో ఉన్నావా?" అనే అడుగుతున్నారు.

కోట_జంక్షన్ | విజయనగరం | ఆదివారం రాత్రి 7:55

పసుపు తెమ్మన్నానని చెప్పు.